నడుమంత్రపు పండగ

హైదరాబాద్ నుంచి కోనసీమలోని అత్తవారింటికి కారులో మామూలుగా ఎనిమిది గంటలు. సంక్రాంతికి మాత్రం పంతంగి టోల్‌గేటు దగ్గరే ఓ కునుకు తీయొచ్చు. ఈసారి పదమూడు గంటలు పట్టింది. నేను కారు దిగాను గానీ నా నడుం ఇంకా సీట్లోనే కూర్చుని ఉంది. సగానికి వంగి నడిచొస్తున్న నన్ను చూసి మామగారు, "అల్లుడుగారికి వినయం పెరిగింది" అని మురిసిపోయారు.

కొత్త అల్లుడికి పీట వేస్తారు. పాతికేళ్ల పాత అల్లుడికి పని చెబుతారు. భోగిమంటలోకి పెరట్లోని మామిడి మొద్దు తెమ్మన్నారు. మరదళ్లు చూస్తున్నారు కదా అని కాళ్లు బిగబట్టి, నడుం వంచి, ఒక్క ఊపున ఎత్తబోయాను. మొద్దు లేవలేదు. నేనూ లేవలేదు. వెన్నులో 33 పూసలుంటాయని చిన్నప్పుడు చదివాను. అందులో నడుం దగ్గరి ఐదూ ఎక్కడుంటాయో ఆ తెల్లవారుజామునే తెలిసింది.

నన్ను మోసుకెళ్లి మా పెళ్లినాటి నులక మంచంలో వేశారు. అది ఉయ్యాలకి ఎక్కువ, నూతికి తక్కువ. మళ్లీ పైకి లాగడానికి ఇద్దరు బావమరుదులు కావలసి వచ్చారు. అత్తగారు ఒక చేత్తో ఉప్పు కాపడం పెడుతూ, రెండో చేత్తో "బలం బాబూ" అంటూ అరిసెలు పెట్టారు. పొట్ట పెరిగితే మోయాల్సింది ఈ నడుమేనని ఆవిడకి ఎవరు చెప్పాలి?

పండగ పొద్దున్నే హరిదాసు వచ్చాడు. నెత్తిన అక్షయపాత్ర. పిల్లలు బియ్యం తెస్తే నడుం వంచలేదు. వెన్ను నిటారుగా ఉంచి, మోకాళ్లు వంచి కిందికి దిగాడు, అలాగే లేచాడు. "బరువెత్తేటప్పుడు మోకాళ్లు వంచండి, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకోండి, నడుం మెలితిప్పకండి" అని మా ఫిజియోథెరపిస్టు నిరుడు చెప్పిందీ ఇదే. ఆయన ఐదువందలు తీసుకున్నాడు, ఇతను దోసెడు బియ్యం.

ఆయనకే ఫోన్ చేశాను. "కాల్లో తిమ్మిరి, బలహీనత లేవుగా? అయితే మంచం దిగి మెల్లగా తిరగండి. పడుకుంటే ఇంకా బిగుస్తుంది" అన్నాడు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ సామెతని కప్పుకుని పడుకుందామనుకున్నవాణ్ణి, అరగంటకోసారి పెరడంతా తిరిగాను. కొబ్బరిచెట్టు మీది కాకి కదలకుండా కూర్చుని నన్నే చూసింది.

తిరుగు ప్రయాణంలో గంటకోసారి కారు ఆపి, దిగి, నాలుగడుగులు వేయాలని తీర్మానించాను. పంతంగి దగ్గర ఆపే శ్రమ కూడా లేదు. అక్కడ అదే ఆగుతుంది.