ఎన్ని విజిల్స్ రానిచ్చావు?

తెనాలిలో మా పిన్ని వంటింటి కప్పుకి ముద్దపప్పు మరక ఇంకా ఉంది. రెండుసార్లు సున్నం కొట్టించినా పసుప్పచ్చగా లోపల్నుంచి తొంగిచూస్తూనే ఉంటుంది. కుక్కర్ పేలిన రోజున మూత అక్కడిదాకా ఎగిరింది. పప్పులో సగం కప్పుకి, సగం పిన్ని కుడి ముంజేతికి పంపకమైంది.

చుట్టుపక్కలవాళ్లంతా పరుగున వచ్చారు. "ఎన్ని విజిల్స్ రానిచ్చావు వదినా?" అంది ఎదురింటావిడ. "నీళ్లు చాలి ఉండవమ్మా" అన్నారు మేడ మీద మాస్టారు. ఆయన పుట్టి బుద్ధెరిగి పొయ్యి వెలిగించిన మనిషి కాదు. "సీరియల్ చూస్తూ మర్చిపోయి ఉంటుంది" అని బాబాయి తీర్పు చెప్పేశాడు. ఒకరు టూత్‌పేస్టు తెచ్చారు, ఇంకొకరు సిరాబుడ్డి. పక్కింటి ఇంటర్ కుర్రాడొక్కడే "ఆంటీ, చెయ్యి కుళాయి కింద పెట్టండి, ఇరవై నిమిషాలు తియ్యకండి" అన్నాడు. తర్వాత డాక్టరూ అదే మంచి పని అన్నాడు.

కుక్కర్‌ని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం పాతకాలం ముచ్చట. ఇప్పుడు దుత్త చేసిన నేరం కోడలి మీద పడుతోంది.

నిజానికి మనిషికి మతిమరుపు ఉంటుందని అందరికంటే ముందు ఒప్పుకున్నది కుక్కరే. మూత బిగిస్తే ఆవిరి ఒత్తిడికి లోపలి నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, అందుకే కందిపప్పు అంత త్వరగా మెత్తబడుతుంది. ఒత్తిడి ఎక్కువైతే వెయిట్ లేచి విజిల్ వెయ్యాలి. పప్పు నురగ గొట్టానికి అడ్డుపడి వెయిట్ లేవలేదనుకోండి, మూత మీది సేఫ్టీ వాల్వ్‌లో ఉన్న లోహపు బిళ్ల కరిగి ఆవిరికి దారివ్వాలి. ఆ బిళ్ల ఉన్నదే గృహిణి మర్చిపోయిన రోజు కోసం. 1679లో డెనీ పాపెన్ అనే ఫ్రెంచి ఆయన కుక్కర్‌కి ముత్తాతలాంటి పాత్ర చేశాడు. అది పేలే ప్రమాదం ఉందని తెలిశాక దానికి సేఫ్టీ వాల్వ్ పెట్టాడు. వంట చేసేవాళ్లని కూర్చోబెట్టి విజిల్స్ లెక్క అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు.

ఫోన్ల మీద ఫోన్లు చేయగా తొమ్మిదో రోజున కంపెనీ మనిషి వచ్చాడు. మూత తిప్పి చూశాడు, రబ్బరు వేలితో లాగి చూశాడు. "యూసేజ్ ప్రాబ్లమ్ మేడమ్" అన్నాడు. గ్యారంటీ కార్డులోనూ అదే ముక్క ఉంది: తయారీ లోపాలకే మా పూచీ, వాడకంలో జరిగిన నష్టానికి కాదు. వాడకుండా బీరువాలో దాచుకున్న కుక్కర్ పేలితే తప్పకుండా మారుస్తారన్నమాట.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆరో అధ్యాయంలో 82 నుంచి 87 దాకా ఆరు సెక్షన్లున్నాయి. తయారీలో లోపమున్నా, డిజైన్‌లో లోపమున్నా, జాగ్రత్తలు సరిగ్గా చెప్పకపోయినా, దానివల్ల మనిషికి దెబ్బ తగిలితే తయారీదారు పరిహారం ఇవ్వాలని 84 చెబుతుంది. వస్తువును తప్పుగా వాడినా, మార్పులు చేసినా అమ్మకందారు మీద పరిహారం దావా వెయ్యడానికి వీల్లేదని 87 అంటుంది. మన కంపెనీలకి కంఠతా వచ్చింది ఈ చివరిదొక్కటే.

ఇక్కడ పిన్ని పక్షాన కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ రబ్బరు కంపెనీది కాదు, సంతలో నలభై రూపాయలకి కొన్నది. బేరమాడితే నలభైకి దిగింది. కేసు వేస్తే అవతలి వకీలు ముందు లాగేది ఆ రబ్బరునే.

అమ్మకానికి పెట్టే ప్రతి కుక్కర్‌కీ ఐఎస్‌ఐ మార్కు ఉండి తీరాలనే ఉత్తర్వు 2021 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది. ప్రమాణం పేరు ఐఎస్ 2347. మార్కుతోపాటు సీఎం/ఎల్ నంబరుండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో తెలుస్తుంది. బజార్లో కొన్నింటికి మార్కు ఉంటుంది, నంబరుండదు. శుభలేఖ అచ్చయింది గానీ పెళ్లికొడుకు పేరు లేదు.

ఆన్‌లైన్ సంతలో అయితే ఇంకా రసవత్తరం. ఈ ఉత్తర్వు మీరిన కుక్కర్లు 2,265 అమ్ముడుపోనిచ్చినందుకు 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కి లక్ష రూపాయల జరిమానా వేసింది. కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వమంది. ఆ అమ్మకాల మీద తమకు ఫీజుగా వచ్చింది 6,14,825 రూపాయల 41 పైసలని కంపెనీయే ఒప్పుకుంది. అదే నెలలో 598 కుక్కర్లకి ఫ్లిప్‌కార్ట్‌కీ లక్షే. రెండు వేలకీ లక్షే, ఆరువందలకీ లక్షే. ఫుల్ మీల్స్‌కీ హాఫ్ మీల్స్‌కీ ఒకటే రేటు పెట్టిన హోటల్ మన జిల్లాలో అయితే నెల తిరక్కుండా మూతపడేది. ఆ లక్ష మీద కూడా ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కారు.

పిన్ని మెట్లెక్కాల్సింది గుంటూరులో. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మనమున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు. దెబ్బ తగిలిన రెండేళ్లలోపు వెయ్యాలి. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. ముందుగా 1915కి ఫోన్ చేస్తే జాతీయ హెల్ప్‌లైన్ వాళ్లు కంపెనీతో మాట్లాడతారు. ఫిర్యాదు మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. వాయిదాలకి చట్టం చదివే అలవాటు లేదు, అది వేరే కాలమ్.

ఆ ల్యాబ్‌కి పంపడానికైనా పేలిన కుక్కర్ ఉండాలి కదా. బిల్లుండాలి, ఆస్పత్రి చీటీలుండాలి. మన ఇళ్లలో దెబ్బ మానేలోపు ఇవన్నీ పాత సామాన్లవాడి బుట్టలో ఉంటాయి.

మొన్న ఆదివారం పిన్ని ఇంట్లో ఉండగా వీధిలోకి మైకు పెట్టుకుని ఆటో వచ్చింది. పాత కుక్కర్ తెండి, కొత్త కుక్కర్ పట్టుకెళ్లండి. బాబాయి అటకెక్కి గోనెసంచీలో చుట్టిన కుక్కర్ కిందికి దించాడు.

"అది కుక్కర్ కాదండీ, సాక్షి. ఉన్నచోటే పెట్టండి" అంది పిన్ని.

"మరి పప్పెలా?"

"గిన్నెలో మీరే ఉడకేయండి. మాస్టార్ని పిలుస్తాను, నీళ్ల కొలత చెబుతారు."