కొలువు దేవులాట: పత్తికొండ పద్ధతి

తొలకరి పడితే ఏ ఊళ్లోనైనా రైతు మబ్బు వైపు చూస్తాడు. మా పక్క జనం నేల వైపు చూస్తారు. జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి, పెరవలి చేలల్లోకి జూన్ మొదటి వానకే దిగబడతారు. అనంతపురం నుంచి, బళ్లారి నుంచి సద్ది కట్టుకుని వచ్చి, వంచిన నడుము ఎత్తకుండా మట్టిలో మెరిసే వజ్రపు రాయి కోసం దేవులాడతారు. ఎవరో ఒకరికి దొరుకుతుంది. మర్నాడు పేపర్లో దాని ధర పడుతుంది. ఆ మర్నాడు రెట్టింపు జనం దిగుతారు. విత్తనం వేసుకున్న ఆసామి మాత్రం కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి తిడుతూ ఉంటాడు.

ఉద్యోగం ఎలా వెతకాలో నేర్చుకోవడానికి ఇంతకు మించిన బడి లేదు. డిగ్రీ పట్టా చేతికొచ్చిన ప్రతి పిల్లోడూ, ప్రతి పిల్లా ఒక వానకు ఆ చేలల్లో నిలబడి రావాలి. ఇంతకీ ఈ సలహాలు చెప్పడానికి నేనెవరంటే, బస్టాండు దగ్గర జిరాక్స్ అంగడి పెట్టుకుని పదమూడేండ్లయినవాణ్ణి. అంతకుముందు ఆరేండ్లు నేనూ అప్లికేషన్లు పెట్టినోణ్ణే. ఇప్పుడు మీవి నింపుతున్నా. వజ్రాల కాలంలో ఊళ్లో మకాం వేసే వ్యాపారిని చూసినారు కదా, వాడు ఎండలో వంగడు. వంగినోళ్లు తెచ్చింది చూసి ధర కడతాడు. నాదీ ఆ జాతే. మీకు రాయి దొరికినా దొరక్కపోయినా నా ప్రింటరు తిరుగుతుంది.

ముందు చదువు సంగతి. ఏం చదవాలో తెలియకపోతే మన టమోటా మార్కెట్టుకు పోండి. ధర పలికిన ఏడు చూసి మరుసటి కారుకు ఊరంతా అదే నారు పెట్టడం, కిలో రూపాయికి దిగితే గంపలు రోడ్డు మీద కుమ్మరించి పోవడం మనకు తెలిసిన సేద్యమే. కంప్యూటర్ సైన్సు కూడా అట్లే పెట్టాలి. పక్కింటోళ్ల అబ్బాయికి బెంగళూరులో కొలువొచ్చింది కాబట్టి మీరూ అదే బ్రాంచిలో చేరాలి. మీకు ఏది ఇష్టమని ఎవరైనా అడిగితే పెద్దలను ధిక్కరించినట్టు లెక్క. టమోటాకూ దీనికీ ఒకటే తేడా. టమోటా 2023 జూలైలో కిలో వంద దాటింది. కొత్తగా చేరే ఇంజనీరు జీతం మాత్రం పదేండ్ల కిందటి మూడు, మూడున్నర లక్షల దగ్గరే కూర్చుంది.

చదువయ్యాక మీరు చేయాల్సిన అసలు పని మీ పేరు మార్చకుండా ఉండటం. ఇది తేలిక అనుకునేవారు నా అంగడిలో ఒక పూట కూర్చుని చూడండి. మొన్నొక పిల్లోడు వచ్చినాడు. వాళ్ల నాయన పేరు పదో తరగతి మెమోలో హనుమన్న, ఆధార్లో హనుమంతప్ప, రేషన్ కార్డులో ఆంజనేయులు. ముగ్గురూ ఒకే దేవుడు. కంప్యూటరుకు పురాణం తెలియదు కదా. ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది, మూడోదాంట్లో ఒక్క అక్షరమై చుక్క పెట్టుకుని కూర్చుంటుంది. పుట్టిన తేదీ బడిలో చేర్చిన సారు దయ. అందుకే మా పక్క సగం మంది జూన్ నెలలోనే పుట్టినారు. ఈ లెక్కలన్నీ సరిచేయించుకునే తిరుగుడులోనే మీకు ప్రభుత్వ కార్యాలయం ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. రేపు ఆ కార్యాలయంలోనే కొలువొస్తే శిక్షణ అక్కర్లేదు.

ఫొటో, సంతకం ఇంత సైజు మించకూడదని రాసి ఉంటుంది. మీరది చదవొద్దు. చదివితే నాకు పని లేదు. ఫీజు ఆఖరి తేదీ రాత్రి పదకొండు దాటాకే రండి. అప్పుడు సర్వరు పడుకుంటుంది, ఓటీపీ మీ ఫోనుకు కాకుండా ఆదోనిలో ఉన్న మీ మామ ఫోనుకు పోతుంది, ఆయన ఫోను ఎత్తడు. ఆ గంటన్నరలో మనిషికి కలిగేంత భక్తి శివరాత్రి జాగారంలో కూడా కలగదు. నా జీవితంలో మంచి ఏడు 2019. గ్రామ సచివాలయాల కొలువులు 1.26 లక్షల పైచిలుకు, పెట్టుకున్నవాళ్లు 21 లక్షల మందికి పైగా. ఆ ఆగస్టులో నా ప్రింటరు రెండుసార్లు కాలింది. రెండుసార్లూ కొత్తది కొన్నాను. జొన్నగిరికి తొలకరి ఎట్లనో, నా అంగడికి నోటిఫికేషన్ అట్ల.

ఇక ఓపిక. దీనికి కానిస్టేబుల్ పరీక్ష అంతటి గురువు లేడు. 2022 నవంబరులో 6,100 కొలువులకు నోటిఫికేషన్ పడింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాసినారు. ఆ తర్వాత పరుగు పందెం ఎప్పుడో తెలియదు కాబట్టి మన పిల్లోళ్లు దినామూ తెల్లారి ఆదోని రోడ్డు మీద 1600 మీటర్లు ఉరుకుతూనే ఉన్నారు. వేసవి పోయింది, వాన పోయింది, ప్రభుత్వం మారింది, బూట్లు అరిగినాయి. చివరి ఫలితాలు 2025 ఆగస్టు 1న వచ్చినాయి. ఆ లెక్కన ఒక్కొక్కరూ ఎంత దూరం ఉరికినారో వేసుకుంటే పత్తికొండ నుంచి కాశీ దారిలో సగం పైనే అవుతుంది. కాబట్టి సలహా ఏమంటే ఫలితం కోసం ఉరకొద్దు, ఆరోగ్యం కోసం ఉరకండి. అది దక్కుతుంది.

గ్రూప్-2 వాళ్లకు పంచాంగం చూడటం రావాలి. 2023 డిసెంబరు నోటిఫికేషన్‌కు 2024 ఫిబ్రవరిలో ప్రిలిమ్స్ అయింది. మెయిన్స్ జూలై అన్నారు, జనవరి అన్నారు, 2025 ఫిబ్రవరి 23న పెట్టినారు. టీచరు కావాలనుకున్నవాళ్ల సంగతి ఇంకా నెమ్మది: 2018 తర్వాత డీఎస్సీ 2025లో జరిగింది, 16,347 పోస్టులకు. ఈ మధ్యలో బీఈడీ పూర్తిచేసిన పిల్ల పెండ్లయి, బిడ్డను కని, ఆ బిడ్డకే పలకబలపం పట్టించి ప్రాక్టీసు చేసుకుంది.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి చెప్తా. మగపిల్లలకు వయోపరిమితి సర్వీస్ కమిషన్ పెడుతుంది. ఆడపిల్లలకు మేనత్తలు పెడతారు. ఒక హాల్ టికెట్టు ప్రింటు తీసుకోవడానికి చేతులకు గోరింటాకుతో వచ్చింది ఒక పిల్ల. మర్నాడు పెండ్లి, నాలుగో నాడు పరీక్ష. "సెంటరు కర్నూలు పడింది అన్నా, అత్తగారిల్లు కూడా ఆ పక్కే" అని నవ్వింది. పరీక్ష రాసిందో లేదో నేనడగలేదు. ఇలాంటి సంగతులు అడగకపోవడం మా వ్యాపారంలో మొదటి మర్యాద. మగపిల్లోడు ముప్పై రెండేండ్లొచ్చినా "ప్రిపేర్ అవుతున్నాడు". ఆ మాట ఆడపిల్లకు రెండేండ్ల కంటే ఎక్కువ ఎవరూ ఇవ్వరు.

ఈ "ప్రిపేర్ అవుతున్నా" అనే మాటను బాగా పలకడం నేర్చుకోండి. ఉగ్గాని, బజ్జి తింటుండగా హోటల్లో మీ చిన్నాయన కనబడి "ఏమప్పా, యాడ చేస్తుండావు?" అంటాడు. నేలచూపులు చూడొద్దు. "గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతుండా చిన్నాయనా" అని నిబ్బరంగా అనాలి. అది కూడా ఒక హోదానే. జీతం లేదు, అంతే. ఆయన వెంటనే తన మేనల్లుడికి ఎప్పుడో వచ్చిన కొలువు కథ ఎత్తుకుంటాడు. ఆ కథ బజ్జి చల్లారేదాకా సాగుతుంది. బిల్లు ఆయన చేత కట్టించగలిగితే మీకు ఇంటర్వ్యూ నైపుణ్యం ఉన్నట్టే.

కోచింగుకు ఎక్కడికి పోవాలో అందరికీ తెలుసు. టీచరు పరీక్షకు అవనిగడ్డ, బ్యాంకు పరీక్షకు నంద్యాల, గ్రూప్స్‌కు హైదరాబాదు అశోక్‌నగర్. అమ్మ మెళ్లో గొలుసు కుదువకు పోతుంది. కొలువొచ్చినాక విడిపిస్తానని మీరంటారు. అమ్మ నమ్మినట్టు నవ్వుతుంది. అక్కడ రూము, మెస్సు, స్టడీ హాల్లో కుర్చీ, అన్నింటికీ బాడుగే. జొన్నగిరి దారుల్లో వజ్రాల కాలంలో టీ కొట్టు పెట్టినోడికి నష్టం వచ్చిందని నేను వినలేదు.

ప్రభుత్వ కొలువు మీద ఆశ తీరినవాళ్లు బెంగళూరు పోతారు. మారతహళ్లిలో పీజీ హాస్టలు, మంచానికి ఇంత. అక్కడ మీకు తెలిసే మొదటి సత్యం: కొత్తవాళ్లను తీసుకునే కొలువుకు రెండేండ్ల అనుభవం కావాలి. భయపడొద్దు, అనుభవం దొరుకుతుంది, అమ్మేవాళ్లున్నారు. మీరు ఎన్నడూ చూడని కంపెనీలో, ఎన్నడూ చేయని ప్రాజెక్టులో, ఎన్నడూ కలవని మేనేజరు కింద రెండేండ్లు పనిచేసినట్టు కాగితం ఇస్తారు. మీరు చేయాల్సిందల్లా ఆ కంపెనీ ఏ వీధిలో ఉందో బట్టీ పట్టడమే. నాకు తెలిసిన ఒకడు అన్నీ సరిగ్గా చెప్పి, "క్యాంటీను ఏ అంతస్తులో ఉండేది?" అన్న దగ్గర ఆగిపోయినాడు. ఇంకొకడు లక్షన్నర కట్టి దొడ్డిదారిన చేరినాడు. రెండు నెలలకు ఆఫీసుకు తాళం, తాళం మీద ఇంకో కంపెనీ బోర్డు. ముందు డబ్బు అడిగేవాడు కొలువు ఇవ్వడు, కొలువు అమ్ముతాడు. ఈ ఒక్క ముక్కలో ఎగతాళి లేదు, పైవన్నీ మరిచిపోయినా దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఊరు విడిచి పోవడానికి నామోషీ అనిపిస్తే మన్రో దొర కథ చెప్పుకోండి. గ్లాస్గోలో పుట్టినోడు. అమెరికా యుద్ధంతో వాళ్ల నాయన పొగాకు వ్యాపారం మునిగింది. నాయన పలుకుబడితో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్ కొలువు దొరికితే 1780లో, పద్దెనిమిదేండ్ల వయసులో మద్రాసుకు వచ్చి దిగినాడు. అంటే సిఫార్సు కొత్త రోగం కాదు. వచ్చినాక మాత్రం ఇక్కడి భాషలు నేర్చుకున్నాడు. ఆ తెలివితోనే సిపాయి పని నుంచి రెవెన్యూ పనికి మారినాడు. 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాలకు కలెక్టరు, 1820లో మద్రాసు గవర్నరు. ఇంటికి పోయేముందు పాత ఊళ్లు ఒకసారి చూసి పోదామని బయల్దేరి, 1827 జూలై 6న ఇక్కడే, ఈ పత్తికొండలోనే, కలరాతో పోయినాడు. ఆయన గుర్తుగా బావి తవ్వించి తోపు పెట్టించినారు. అంత దూరం నుంచి కొలువు కోసం పత్తికొండ దాకా వచ్చినోడు ఒకడున్నాడని చెప్పుకోవడానికి మనకు ఆయనొక్కడే దిక్కు. మిగతా రద్దీ అంతా ఎదురు దిశలోనే.

ఆ రద్దీలో రెజ్యూమే లేనివాళ్లే ఎక్కువ. కోసిగి, పెద్దకడుబూరు పక్క పంట కోతలయ్యాక ఇంటికి తాళం వేసి సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయ కోతకు, బెంగళూరుకు కట్టడం పనికి. వాళ్ల ఉద్యోగ వేట చూస్తే నా అంగడి మూసుకోవాలనిపిస్తుంది. మేస్త్రీకి ఒక ఫోను. చేయగలరా లేదా, ఎంతమంది, ఎప్పుడు బండెక్కుతారు. ఇంటర్వ్యూ అయిపోయింది. కోసినన్ని కిలోలకు కూలి. పిల్లల చదువు పోకుండా సీజనల్ హాస్టళ్లు పెడతారు. ఆ హాస్టళ్లలో చదివి డిగ్రీ దాకా వచ్చిన పిల్లోడు ఒకడు నా దగ్గర ఫారం నింపుతూ, అనుభవం అన్న గడి దగ్గర "మిరపకోత రాయొచ్చా అన్నా?" అని అడిగినాడు. రాయకూడదని చెప్పినా. ఐదేండ్ల అనుభవం, నిజమైనది, కాగితం లేదు.

పేరులో జాబ్ ఉన్న కార్డు ఇంటింటికీ చేరింది ఒక్కసారే. ఇక్కడికి దగ్గరే, అనంతపురం జిల్లా బండ్లపల్లెలో 2006 ఫిబ్రవరి 2న మొదలైన ఉపాధి హామీతో వచ్చిన జాబ్ కార్డు. అప్పట్లో ఇంటికి ఏడాదికి 100 రోజుల పని. మా అవ్వకు ఉండేది ఆ కార్డు. నేను ఆరేండ్లు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు రెన్యువలు చేయించుకుంటూ తిరిగిన కాలంలో ఇంట్లో పనికి పిలుపు వచ్చింది ఆమెకే.

చివరగా ఒక హెచ్చరిక. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేతకారుల సహకార సంఘం పెట్టి మగ్గాలకు పని చూపించినాడు. దయచేసి అలాంటి పనులకు పూనుకోవద్దు. ఆదోని పత్తి ఆదోనిలోనే బట్ట కావాలనీ, పత్తికొండ టమోటా పత్తికొండలోనే సీసాలోకి ఎక్కాలనీ ఆలోచించొద్దు. నలుగురికి పని పుడితే ఆ నలుగురూ నా అంగడికి రారు.

కొత్త నోటిఫికేషన్ పడుతుందని టెలిగ్రాంలో చెప్పుకుంటున్నారు. ఆదివారం కూడా అంగడి తెరిచే ఉంటుంది. వచ్చేటప్పుడు పదో తరగతి మెమో మరిచిపోవద్దు. అందులో ఉన్న మీ నాయనే మీ నాయన.