స్పేస్‌బార్ మీమాంస

ఏ శాస్త్రానికైనా ముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పాలని పెద్దల నియమం. విషయం: కచేరీలో ల్యాప్‌టాప్‌లోంచి మోగే ట్రాక్. ప్రయోజనం: ముప్ఫైమంది వయొలిన్‌వాళ్ళకు భోజనాలు పెట్టక్కర్లేకపోవడం. సంబంధం: 3.5 మిల్లీమీటర్ల పిన్ను. అధికారి ఎవరన్నదే వివాదం. పాడేవాడా, డబ్బులిచ్చేవాడా, స్పేస్‌బార్ నొక్కే కుర్రాడా?

ఇక లక్షణం. 'వాద్యకారుడు లేని వాద్యధ్వని ట్రాక్' అంటే కుదరదు. పక్కవీధి పందిట్లో మైకుసెట్టు పాటకూ అది వర్తించి అతివ్యాప్తి వస్తుంది. 'వాయిస్తున్నట్టు నటించేవాడి సమక్షంలో' అని చేరిస్తే, కరావోకేలో పాడే మామయ్య పక్కన నటించడానికి ఎవరూ ఉండరు కనుక అవ్యాప్తి. అందుచేత నవ్యుల నిర్వచనం: 'ఎవరికోసమూ ఆగనిది ట్రాక్.' ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కూడా ఆగదు కదా అని ఆక్షేపణ. అది ఎక్కడికీ పోదు, కనుక ఆగే ప్రశ్నే లేదని సమాధానం.

ఆగకపోవడమంటే ఏమిటో పద్యనాటకం చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నటుడు రాగం తీసినంతసేపూ హార్మోనిస్టు వెంటే ఉంటాడు. జనం వన్స్‌మోర్ అంటే పద్యం మళ్ళీ ఎత్తుకుంటాడు. పల్లెవెలుగు బస్సులా చెయ్యెత్తిన చోటల్లా ఆగుతాడు. ట్రాక్‌కు ఆ మొహమాటం లేదు. నిమిషానికి 120 దెబ్బల నడకలో, నాలుగేసి దెబ్బల బార్లు ఎనిమిదంటే సరిగ్గా 16 సెకన్లు. పదిహేడో సెకనులో గాయకుడు గమకంలో ఉన్నా, దగ్గులో ఉన్నా చరణం వచ్చేస్తుంది.

పూర్వాచార్యులూ దీనితో బాధపడ్డవాళ్ళే. 1971 నాటికే ఇంగ్లండు బృందం 'ది హూ' సింథసైజర్ భాగాన్ని టేపుమీద వినిపించేది. డ్రమ్మర్ కీత్ మూన్ హెడ్‌ఫోన్లు తగిలించుకుని దాని వెంటపడి వాయించేవాడు. 1973లో న్యూకాజిల్‌లో టేపులు తిరగబడితే, పీట్ టౌన్‌షెండ్ వేదికమీదే ఆ సరంజామా మీద విరుచుకుపడ్డాడు. ట్రాక్ మీద వెలువడిన భాష్యాల్లో సంక్షిప్తమైనది అదే. 1989లో అమెరికాలోని బ్రిస్టల్‌లో మిలీ వనిలీ ద్వయం ఆడుతుండగా ట్రాక్ ఒకే ముక్క దగ్గర చిక్కుకుని మళ్ళీ మళ్ళీ అదే పాడింది. ఆలంకారికులు దీన్ని పునరుక్తి అంటారు. వాళ్ళ రికార్డుమీద గొంతులే వాళ్ళవి కావని తేలి, మరుసటి ఏడు గ్రామీ వెనక్కి పోయింది.

టేపు పోయి సాఫ్ట్‌వేర్ వచ్చాక గాయకులకు ఒక మేలు జరిగింది. టేపును ఒక స్వరస్థానం పైకి లేపాలంటే సుమారు 6 శాతం వేగంగా తిప్పాల్సి వచ్చేది, పాటంతా పరుగెత్తేది. ఇప్పుడు శ్రుతిని నడకతో సంబంధం లేకుండా దించుకోవచ్చు. పెళ్ళివిందులో మూడోసారి వడ్డించుకున్న గాయకుడికి ఇది వరం.

మరో ఏర్పాటు క్లిక్. స్టీరియోలో ఒక చెవి సంగీతానికి, రెండోది డ్రమ్మర్‌కు మాత్రమే వినబడే టిక్‌టిక్‌కు. వైర్లు తారుమారైతే వెయ్యిమంది అతిథులు 'వన్, టూ, త్రీ, ఫోర్' అన్న గంభీర స్వరం వింటారు. సంగీతం డ్రమ్మర్ ఒక్కడికే వినబడుతుంది. తలాడించేది అతనొక్కడే.

ఇప్పుడు అసలు ప్రకరణం, స్పేస్‌బార్. ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి నొక్కితే పాట మొదలవుతుంది, రెండోసారి నొక్కితే ఆగుతుంది. నాటకాలవాళ్ళు వాడే క్యూల్యాబ్‌లో రెండోసారి నొక్కితే తరవాతి అంశం మోగుతుంది. క్రియ ఒకటే, ఫలాలు రెండు. దీనికి తోడు కర్తకు అరచేతి చెమట. మొదటి నొక్కుడు పడిందో లేదోనన్న సందేహమే రెండో నొక్కుడుకు హేతువు. మామూలు ప్లేయర్‌లో పాటలన్నీ వరసగా వేసుకున్న సాహసికుల గతి వేరు. పాట అయినా అది ఊరుకోదు, జాబితాలో కింద ఏది ఉంటే అది ఎత్తుకుంటుంది. భక్తిపాట కింద ఏముందో మీ ఊహకే వదిలేస్తున్నాను.

ఇది మోసం కాదా అని పూర్వపక్షి అడుగుతాడు. అడిగే హక్కు అతనికి లేదు. అతను స్టేజీ వైపు చూడ్డంలేదు, ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు.

మిగిలింది ప్రాయశ్చిత్తం. ట్రాక్ నడుమ ఆగిపోతే గాయకుడు నవ్వుతూ మైకును జనంవైపు తిప్పాలి. జనం ఎత్తుకుంటారు, తమకు తోచిన శ్రుతిలో, తోచిన నడకలో. అప్పటిదాకా వాల్యూమ్ సున్నాలో పెట్టుకుని వేళ్ళాడించిన కీబోర్డు కుర్రాడు గబగబా నాబ్ తిప్పి, వాళ్ళ శ్రుతి వెతుక్కుంటూ ఆ నాలుగు లైన్లూ నిజంగా వాయిస్తాడు.