కెపాసిటర్ వేషం

తిరుపతి గంగమ్మ జాతరలో రోజుకో వేషం. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. జాతర ముగియగానే అందరూ మొహాలు కడుక్కుని ఎవరి పనికి వాళ్లు పోతారు. ఏడాది పొడుగునా కడుక్కోని వేషం ఒకటి మా చిత్తూరు వైపు పొలాల్లో ఉంది. దాని పేరు కెపాసిటరు.

బోరు పక్కన రేకు పెట్టె, పెట్టెలో స్టార్టరు, స్టార్టరు పక్కన బూజు పట్టిన చిన్న డబ్బా. దాని వైర్లు ఎప్పుడో ఊడిపోయి గాల్లో వేలాడుతుంటాయి.

"ఇదేంది నా?" అని అడిగితే, "కరెంటోళ్లు పెట్టమన్నారు సామీ, పెట్టినాం" అంటాడు రైతు.

"పనిచేస్తుందా?"

"పెట్టమన్నారు గానీ, పనిచెయ్యాలని యాడ చెప్పినారు?"

ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డి రైతుల ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టిన నాటి సంబరం అందరికీ గుర్తుంది. ఆ కరెంటు వెనకాలే వచ్చిన షరతులే ఎవరికీ గుర్తులేవు: తగిన కెపాసిటరు, రాపిడి లేని ఫుట్‌వాల్వు, సరైన పైపులు. ఏ మోటారుకు ఎంత కెపాసిటరో టారిఫ్ ఉత్తర్వుల్లో పట్టికే ఉంది. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్. పట్టిక పట్టికలోనే భద్రంగా ఉంది.

అసలు ఆ డబ్బాతో పనేమిటంటారా? పెళ్లికి బస్సు బయలుదేరిందనుకోండి. తాళి కట్టేది పెళ్లికొడుకు ఒక్కడే. బస్సు మోసేది మాత్రం చుట్టాలందరినీ. నీళ్లు తోడే కరెంటు పెళ్లికొడుకైతే, మోటారులో అయస్కాంతాన్ని నిలబెట్టే కరెంటు చుట్టాల గుంపు. ఇంత చేసీ చుట్టాలు కుదురుగా ఉండరు, లైన్లో సెకనుకు వందసార్లు వస్తూ పోతూ ఉంటారు. పెళ్లింటి పక్కనే విడిది చూపిస్తే బస్సుకు ఊపిరాడుతుంది. కెపాసిటరు ఆ విడిది. సబ్‌స్టేషన్లో పెద్ద పెద్ద కెపాసిటర్ బ్యాంకులున్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, ఊరి పొలిమేరలో విడిది వేసినట్టు. అక్కణ్నుంచి పొలం దాకా బస్సు కిక్కిరిసే పోవాలి.

ఆ బస్సు మా పొలాల్లో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు. దాని కింద నాలుగు 5 హెచ్‌పీ మోటార్లు. ఒక్కోటీ 5 కిలోవాట్లు లాగుతూ పవర్ ఫ్యాక్టర్ (బస్సు మోతలో పెళ్లికొడుకు వాటా) 0.7 దగ్గర తిరిగితే మోత 28 కేవీఏ దాటుతుంది. తలా 2 కేవీఏఆర్ తగిలిస్తే 24 లోపు. లైన్లో వేడిగా తగలబడేది దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఎక్కాలొచ్చిన పిల్లోడు కూడా తేల్చే లెక్క, ప్రభుత్వాలకు మాత్రం తేలలేదు.

అలాగని పవర్ ఫ్యాక్టరు అంటే కరెంటోళ్లకు తెలియదనుకోకండి. తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీకి యూనిట్లు కేవీఏహెచ్‌లోనే లెక్కేస్తారు. చుట్టాలకు కూడా టిక్కెట్టు కొట్టినట్టన్నమాట. అందుకే అక్కడ కెపాసిటర్ ప్యానెల్‌కు పూజ చేసి, పవర్ ఫ్యాక్టరు వందో వంతు జారినా ఎలక్ట్రీషియన్‌ను నిద్రలేపుతారు. బిల్లు కట్టేవాడి దగ్గర పవర్ ఫ్యాక్టరు శాస్త్రం, బిల్లు లేనివాడి దగ్గర వేషం. ఉచిత కరెంటు ఎంత వాడారో శాంపిల్ మీటర్లు చూసి అంచనా కట్టే చోట, వైర్లలో ఆవిరైంది ఎంతో ఎవడికి కావాలి? సబ్సిడీ పద్దు లోతైన బావి, ఏం పడేసినా చప్పుడు రాదు.

చప్పుడు వచ్చేది ట్రాన్స్‌ఫార్మరు పేలినప్పుడే. అప్పుడు రైతులే చందాలేసుకుని, దాన్ని ట్రాక్టరుకెక్కించి, తాళ్లతో బిగించి, టమోటా తోట ఎండేలోగా తిరిగి రావాలని గంగమ్మకు మొక్కుకుని రిపేరుకు బయలుదేరుతారు. మొన్న అలాంటి ట్రాక్టరు మీదే మన రైతును మళ్లీ చూశాను.

"ఈసారన్నా ఆ డబ్బాకు వైర్లు తగిలిస్తావా నా?"

"నేనొక్కణ్నే తగిలిస్తే ఏం లాభం సామీ? మిగతా ముగ్గురూ తగిలించరే! కాలితే మాత్రం చందా నలుగురం సమానంగానే వేసుకుంటాం."