రంగు పడింది

మా బావమరిది పొద్దున్నే ఫోన్‌లో పంపే గులాబీలు, సూర్యోదయాలు, వివేకానందుడు ఎన్నడూ అనని మాటలు, అన్నీ భరించాను. ఈమధ్య కొత్త జబ్బు పట్టుకుంది. నాకు పాత యుద్ధవిమానాల ఫొటోలంటే పిచ్చి అని ఎవరు చెప్పారో గానీ, నలుపు తెలుపు ఫొటోలకు యంత్రం చేత రంగులేయించి మరీ పంపుతున్నాడు. "చూడు బావా, ఎలా లేచొచ్చిందో!" అంటాడు. లేచింది నా బీపీ.

జెట్ విమానాలు ఓడల మీద వాలడం నేర్చుకుంటున్న రోజుల ఫొటోలవి. 1946లో రూజ్‌వెల్ట్ ఓడ మీద దిగిన ఫాంటమ్, కొరియా యుద్ధంలో తిరిగిన పాంథర్, బాన్షీ. 1955 దాకా అమెరికా నౌకాదళం తన విమానాలకు ముక్కు నుంచి తోక దాకా నిగనిగలాడే ముదురు నీలం పూసేది. ఫొటోలో అది దాదాపు నల్లగా పడుతుంది. కాస్త ఓపిగ్గా చూస్తే రెక్క మొదట్లో ఎండ జారిన చోట ఆ నిగారింపు కనిపిస్తుంది. ఆ ఓపిక యంత్రానికేదీ? పాంథర్‌కి మిలిటరీ జీపు పచ్చరంగు కొట్టేసింది. నడిసముద్రానికేమో ఈతకొలను నీలం.

అంతకన్నా ఘోరం డెక్ మీది కుర్రాళ్లకు జరిగింది. అక్కడ చొక్కా రంగే ఉద్యోగం. పసుపు చొక్కా విమానానికి దారి చూపించేవాడు, నీలం చొక్కా తోసేవాడు, ఆకుపచ్చ చొక్కా తాళ్లూ క్యాటపల్టూ చూసేవాడు. యంత్రం అందరికీ మట్టిరంగు తొడిగింది. మన దగ్గర ఒక్క ఉద్యోగిని బదిలీ చేయాలంటే మంత్రిగారి దాకా వెళ్లాలి. ఇది ఒక్క నొక్కుతో ఓడ మొత్తాన్నీ బదిలీ చేసి పారేసింది!

"మాయాబజార్‌కి వెయ్యలేదా బావా?" అంటాడు. వేశారయ్యా, 2010లో. ఘటోత్కచుడి పంచె ఫలానా రంగులో ఉండాలని ఏ జీవోలోనూ లేదు. పాంథర్ నీలానికి 623 అని నంబరు కూడా ఉంది.

చెప్పొచ్చేదేమిటంటే, అసలు ఆ రోజుల ఫొటోలకు రంగు దేనికి? బొమ్మలోని సంగతే నమ్మేలా ఉండదు. బ్రిటిష్ వాళ్ల వారియర్ అనే ఓడనే తీసుకోండి. జెట్‌కి చక్రాలు దండగ బరువని ఒక మహానుభావుడికి తోచింది. చక్రాలు దించకుండా పొట్ట మీద దిగితే పోలా? పొట్ట చిరుగుతుందంటారా, ఓడకి రబ్బరు పరుపు వేద్దాం. వేశారు! ముందు ఫార్న్‌బరోలో నేల మీద పరిచి చూస్తే, దిగబోయిన విమానం కాస్తా పాడైంది. అయినా వదల్లేదు. 1948లో ఎరిక్ బ్రౌన్ అనే పైలట్ సీ వాంపైర్ జెట్‌ని తెచ్చి ఓడ మీది పరుపు మీద నిక్షేపంగా బోర్లా పడుకోబెట్టాడు. 1945 డిసెంబర్ 3న మొట్టమొదట జెట్‌ని ఓడ మీద దించినవాడూ ఆయనే. ఆయనకిదొక లెక్కా?

పరుపు కొనబోతే మా ఆవిడ షాపువాణ్ణి గంటసేపు నిలదీస్తుంది. ఆ దొరల్ని నిలదీసే ఇల్లాలు ఒక్కతీ లేకపోయింది. పడుకున్నదాన్ని లేపేదెవరు? క్రేన్ రావాలి. ఈలోగా వెనకాల వచ్చేవాడు? ఆకాశంలో ప్రదక్షిణలు చెయ్యాలి. దారి తప్పి ఇంకో ఊళ్లో దిగాల్సొస్తే? ఆ ఊళ్లోనూ పరుపుండాలి. అంటే బ్రిటిష్ సామ్రాజ్యంలో ప్రతి ఏరోడ్రోముకీ ఒక పరుపు. ఎండబెట్టేదెవరు, వానొస్తే లోపలికి తెచ్చేదెవరు? చివరికి మడిచి అటకెక్కించారు. బ్రౌన్ మాత్రం 487 రకాల విమానాలు నడిపి, 2,407 సార్లు ఓడల మీద దిగి, 97 ఏళ్లు బతికాడు. పరుపు మహిమ అనను గానీ, తోసిపుచ్చను కూడా.

ఏమాటకామాట, అమెరికావాళ్ల పాంథర్‌కి పచ్చ కొడితే నా సొమ్మేం పోలేదు. మొన్న బావమరిది మన సీహాక్ జోలికొచ్చాడు. విక్రాంత్ ఓడ మీద నుంచి లేచి 1971 డిసెంబర్‌లో కాక్స్ బజార్ మీద బాంబులేసిన విమానం. ఆ స్క్వాడ్రన్ పేరు వైట్ టైగర్స్. విమానం మీద తెల్లపులి బొమ్మ ఉంటుంది. యంత్రం పులిని చూసింది, పులంటే పసుపే కదా అనుకుంది. దూకుతున్న తెల్లపులికి ఒళ్లంతా పసుపు పూసి పెళ్లికొడుకుని చేసింది.

ఇక ఊరుకోలేక సాక్ష్యం కోసం మల్కాపురం వెళ్లాను. ఆ రోజుల్లో విక్రాంత్ మీద సీహాక్‌లకు మరమ్మతు చేసిన పెద్దాయన ఒకరున్నారక్కడ. అసలు ఫొటో, రంగేసిన ఫొటో రెండూ చూపించి, "విమానం కడుపు ఏ రంగండీ?" అన్నాను. కళ్లద్దాలు సర్దుకున్నారు.

"రంగా? ఏటో బాబూ. నూనె కారతందా లేదా, అదే చూసీవోళ్లం."

ఆ విమానాల మీద చెయ్యి పెట్టినాయనకు రంగు పట్టలేదు. ఒడ్డున కూర్చున్న నేనేమో నెలల తరబడి బావమరిదితో యుద్ధం చేస్తున్నాను.

ఆయన వేలు మాత్రం ఫొటో అంచున ఆగింది. అక్కడొక కుర్రాడు చక్రం కింద చెక్క పెడుతూ వంగి ఉన్నాడు. ముఖం సగమే పడింది. "ఈడు మా సిక్కోలోడే. రాత్రి డ్యూటీలో నా వంతు టీ కూడా ఈడే తాగీసీవోడు. పేరు..." అని చాలాసేపు చూశారు. భార్యని పిలిచి అడిగారు. ఆవిడకీ గుర్తు లేదు.

"మీ ఫోన్లో ఆ మిషిను పేరు కూడా సెప్తాదా బాబూ?"

"చెబుతుందండీ," అన్నాను. "ఏదో ఒక పేరు చెబుతుంది."