ఊరి పేరు పెట్టి జవాబు చెప్పేవారు

మీకు అసెంబ్లీ అంటే ఫోన్లో అర నిమిషం వీడియో. ఒకాయన వేలు చూపించి అరుస్తాడు, వెనకవాళ్లు బల్లలు చరుస్తారు, దానికో సినిమా పాట తగిలిస్తారు, అయిపోయింది. మొన్న మా మనవడు అలాంటిదే చూపించి, "తాతయ్యా, మా లీడర్ భలే జవాబిచ్చాడు" అన్నాడు. అవతలివాళ్లు ఏమడిగారురా అన్నాను. తెలీదట! ఏమడిగారో తెలీకుండానే జవాబు నచ్చేసింది వీడికి. లైకు కూడా కొట్టాడు.

ఒరే నాయనలారా, నేను పత్రికా విలేఖరిగా ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న రోజుల్లో సభ హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పాత భవనంలో జరిగేది. 1913లో టౌన్‌హాలుగా పూర్తయిన భవనం అది. జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రి. ఎన్నికైనవాళ్లు 287 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి. గవర్నర్ ప్రసంగానికి ధన్యవాద తీర్మానం మీద చర్చ అంటే మాకు పండగే, ఎందుకంటే అందులో ఎవరు ఏ విషయమైనా ఎత్తొచ్చు. శ్రీకాకుళం ఆయన లేచి తుపానుకి కొబ్బరి తోటలు పోయాయంటాడు. అనంతపురం ఆయన వేరుశనగ ఎండిపోయిందంటాడు. ఆదిలాబాద్ ఆయన ఏజెన్సీ ఆసుపత్రికి డాక్టరే రావడం లేదంటాడు. గుంటూరు జిల్లా ఆయనకు కాలువ చివరి భూముల గోడు. హైదరాబాదు ఆయన ఉర్దూలో అందుకుని పాతబస్తీ నల్లాల సంగతి అడుగుతాడు. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన ఉండదు. రాష్ట్రమంటేనే అంత మరి.

అన్నీ విన్నాక సభా నాయకుడు, అంటే ముఖ్యమంత్రి, లేవాలి. ఆయన ఎలా లేచేవాడో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చర్చ నడిచినంతసేపూ ముందు వరసలో కూర్చుని కాగితం మీద పెన్సిలుతో గీసుకుంటూనే ఉండేవాడు. సభ్యుడి పేరు, పక్కనే ఊరు, దాని కింద ఒకటో రెండో మాటలు. ఈలోగా అధికారుల గ్యాలరీ నుంచి బంట్రోతు వంగి నడుచుకుంటూ మడిచిన చీటీ తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఫలానా వంతెనకు టెండరు పిలిచారా లేదా, ఫలానా హాస్టలుకు బియ్యం వెళ్లాయా లేదా, అదీ అందులో రాసుండేది. చీటీ చదివి, నచ్చకపోతే వెనక్కి తిరిగి కార్యదర్శి వైపు ఒక్క చూపు చూసేవాడు. మళ్లీ ఇంకో చీటీ వచ్చేది. ఆ చీటీలు అటూ ఇటూ తిరగడం చూస్తే చాలు, రేపు మా పేపర్లో ఏ వార్త వస్తుందో మేం పైనుంచే పసిగట్టేవాళ్లం.

ఇక జవాబు. పెళ్లి పందిట్లో వడ్డించేవాడు ఆఖరి విస్తరిదాకా వచ్చినట్టు, ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చేది. "ఫలానా సభ్యులు ఫలానా ఊరి చెరువు గురించి అడిగారు" అని పేరు పెట్టి చెప్పేవాడు. చేస్తామంటే చేస్తామని, డబ్బు లేకపోతే ఈ ఏడాది కాదని, తెలియకపోతే సమాచారం తెప్పించి సభ ముందుంచుతామని. కాదన్నా సరే, తన ఊరి పేరు ముఖ్యమంత్రి నోట వచ్చిందన్న తృప్తితో వెనక బెంచీ ఆయన కూర్చునేవాడు. ఆ ముక్క ఊళ్లో చెప్పుకోవడానికి పనికొచ్చేది కూడా.

పైగా ఆ మాట గాల్లో కలిసిపోయేది కాదు. సభలో మంత్రి "పరిశీలిస్తాం", "చర్య తీసుకుంటాం" అంటే దాన్ని రాసిపెట్టుకుని ఏమైందని వెంటపడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. ఇప్పటికీ ఉంది. మీలో ఎంతమందికి తెలుసు? పార్టీల సోషల్ మీడియాలో ఎవరెవరున్నారో మాత్రం మీకు కంఠతా వచ్చు.

ప్రశ్నోత్తరాల సంగతి వేరు. అచ్చేసిన జవాబులు పొడిపొడిగానే ఉండేవి: "అవునండి", "లేదండి", "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు". అసలు మజా అనుబంధ ప్రశ్నల్లో ఉండేది. అవి ముందుగా రాసివ్వరు కాబట్టి మంత్రికి శాఖ తెలిసి ఉండాలి. రోశయ్య గారినే చూడండి. పదహారు బడ్జెట్లు పెట్టిన మనిషి. ఆర్థికంతో పాటు శాసనసభా వ్యవహారాలు కూడా చూసేవాడు. ఆయన లేస్తే లెక్కలు నోటితోనే వచ్చేవి, నడుమ ఒక చురక పడేది, చురక తిన్నవాడు కూడా నవ్వేవాడు. నాకంటే ముందుతరం విలేఖరులు వావిలాల గోపాలకృష్ణయ్య గారి గురించి చెప్పేవారు. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన మనిషి, ఇండిపెండెంటుగా కూడా. వెనక పార్టీ లేని ఒంటరి మనిషి లేచినా ప్రభుత్వం చెవి ఒగ్గేదట.

ఇప్పుడో! ఎవరేమడిగినా జవాబు ఒకటే: గత ప్రభుత్వం నాశనం చేసింది. కాలువ అడిగినా అదే, టీచరు పోస్టు అడిగినా అదే. గంటన్నర మాట్లాడతారు, అందులో ఒక్క ఊరి పేరు ఉండదు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని రాజ్యాంగం అంటే, ఆ గడువు దాటకుండా చూసుకోవడమే పెద్ద పనైపోయింది. కోట్ల రూపాయల పద్దులు గిలెటిన్ కింద, అంటే గడువైపోయిందని అన్నీ ఒక్కసారే ఓటుకు పెట్టి, చర్చ లేకుండానే గట్టెక్కుతున్నాయి. ప్రతిపక్షం వాళ్లు చూడబోతే శపథం చేసి బయటికెళ్లిపోతారు, లేదా అసలు గుమ్మమే తొక్కరు. ఇది ఏ ఒక్క పార్టీనో అనే మాట కాదు. అడిగేవాడు లేని సభలో జవాబు చెప్పేవాడికి వినే అలవాటు ఎక్కణ్నుంచి వస్తుంది?

మా రోజుల్లో అంతా బంగారమే అని నేననను. అరుపులు అప్పుడూ ఉన్నాయి, వాకౌట్లూ ఉన్నాయి. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారంతటివాడు ఈ సభల వల్ల పేదవాడికి ఒరిగేదేమీ లేదని 1969లో రాజీనామా చేసి వెళ్లిపోయాడు. అది మరిచిపోయేది కాదు. ఇంకోటి, అప్పుడు ఆ జవాబులు వినాలంటే పాసు దొరకాలి. తెల్లారి పేపర్లో మేం ఎంత రాస్తే ఊరికి అంతే తెలిసేది, సగం ఊరికి పేపరే వచ్చేది కాదు. ఇప్పుడు పొలం గట్టు మీద కూర్చున్న రైతు కూడా ప్రత్యక్షంగా చూడొచ్చు. మంచి మార్పే, కాదని ఎవరన్నారు?

నా కడుపుమంటంతా అక్కడే! ఆ రైతు పని మానుకుని ఫోను పట్టుకుని కూర్చుంటే, అతని చెరువు మాట ఎత్తేవాడేడి? ఎవరైనా ఎత్తినా, రాసుకునేవాడేడి?

ఈసారి బడ్జెట్ సమావేశాలు పెట్టినప్పుడు ఆ ముక్కల వీడియోలు పక్కన పెట్టి, ఒక్క పూట మొత్తం చూడండర్రా. మీ ఎమ్మెల్యే లేచాడా, ఏ ఊరి పని అడిగాడు, జవాబిచ్చినవాడు ఆ ఊరి పేరు పలికాడా లేదా, కాగితం మీద రాసుకోండి. పలక్కపోతే ఆయన మళ్లీ మీ వీధిలోకి ఓటుకు వచ్చినప్పుడు ఆ కాగితం తీసి అడగండి.