కారును కారనివ్వండి

అంబాసిడర్ కింద నూనె మరక కనబడితే పాన ముట్టుకోకండి. తలకిందుల సలహాలా తోస్తుందని తెలిసే చెబుతున్నాను. ఆ రాత్రికి కారనివ్వండి. వాకిలి చిమ్మేవాళ్ళకి కూడా చెప్పి ఉంచండి, ఆ మరక తుడవొద్దని.

మా నాన్నగారు ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది, 1978లో కొన్న మార్క్ 3 ఇప్పటికీ చల్లపల్లిలో మా వాకిట్లోనే ఉంది. కుర్రతనంలో దాని కింద మరక చూసి కంగారుపడి ట్యాపెట్ కవరు నట్లు రెండూ ఒంట్లో బలమంతా పెట్టి బిగించాను. లోపలి కార్కు ప్యాకింగ్ నలిగి చీలింది. అప్పటిదాకా చెమట పట్టినట్టున్న కవరు పామర్రు చేరేసరికి ధార కట్టింది. కార్కు మెత్తన, పట్టు దొరికాక ఇంకో చుట్టు తిప్పామంటే చచ్చిపోతుంది. ఇంజన్ పక్కనుండే చిన్న మూతలదీ అదే కథ. నడుమ బోల్టు గట్టిగా బిగిస్తే రేకు గుంటపడి అంచులు లేస్తాయి.

కాబట్టి ముందు అట్ట పరచండి. ఫ్రిజ్ అట్టపెట్టె విప్పితే సరిపోతుంది. నాలుగు చక్రాలూ ఎక్కడ ఆనాయో పెన్సిల్‌తో గీసుకోండి, తేదీ వెయ్యండి. తెల్లారాక ఏ చుక్క ఏ చక్రానికి ఎంత దూరంలో పడిందో తెలుస్తుంది. నల్లగా జారుతుంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం వాసన కొడుతూ వెనక ఇరుసు కింద పడితే డిఫరెన్షియల్ ఆయిల్. పచ్చగా ఉంటే రేడియేటర్లో పోసిన కూలెంట్. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. వేలు నాలుకకి ఆనించి చూసే అలవాటుంటే మానుకోండి, పిల్లుల్నీ కుక్కల్నీ దగ్గరికి రానివ్వకండి. రంగు తేలకపోతే, పారేసే డబ్బా ఒకదాంట్లో నీళ్ళు పోసి ఆ చుక్కని అందులో వెయ్యండి. పైన తేలితే ఆయిల్. కలిసిపోతే బ్రేక్ ఫ్లూయిడ్ కావచ్చు, కూలెంట్ కావచ్చు. చక్రం దగ్గర పడిందైతే బ్రేక్‌దే అనుకోండి.

చుక్క పడినచోటే లీకు ఉందనుకోకండి. బండి నడుస్తుంటే గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది, పైనుంచి కిందికి జారుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి. ముగ్గుపిండి వద్దు, గరుకు. గూడూరు దాకా వెళ్ళి వచ్చి చూస్తే తెల్లటి పౌడరు మీద తడి దారి కనిపిస్తుంది. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున్న తడి ఎక్కడో అక్కడే మొదలు.

ఇంజనూ గేర్ బాక్సూ కలిసేచోట అడుగునుంచి పడే ఒకటి రెండు చుక్కల కోసం ఇంజన్ దింపించకండి. దీన్ని నమ్మించడానికి నాకు చాలామందితో వాదన అయింది. ఆ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. ఆ కలిసేచోట ఈనాటి బళ్ళకున్నట్టు రబ్బరు సీలు లేదు. క్రాంక్ షాఫ్టు మీద మరలాంటి గాడి ఉంటుంది. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ ఆ గాడి ఆయిల్‌ని మళ్ళీ ఇంజన్ లోపలికి నెడుతుంది. బండి ఆగితే గాడికి పని లేదు, మిగిలిన చుక్క కిందికి దిగుతుంది. అది రోగం కాదు. క్లచ్ జారితేనో, చుక్కలు మడుగైతేనో అప్పుడు ఆలోచించాలి.

అలా మడుగైనా సరే, ముందు బ్రీదర్ గొట్టం విప్పి ఊదండి. అది మూసుకుపోతే ఇంజన్ లోపల ఆవిరికి దారి ఉండదు. దొరికిన ప్రతి ప్యాకింగ్ లోంచీ ఆయిల్‌ని తోస్తుంది. నాలుగు నెలలు కదలని మా బండి గొట్టంలో కందిరీగ మట్టి గూడు కట్టింది. పుల్లతో అది తీసేస్తే మూడుచోట్ల లీకు తగ్గింది. గేజి పుల్ల మీద పై గీత దాటేలా ఆయిల్ పోసినా ఇదే తంతు.

అడుగు భాగాన్ని నూనె మరక లేకుండా కడిగి మెరిపించకండి. బందరు ఉప్పుగాలికి ఇనుము నిలవదు. మా బండిలో తుప్పు తినని రేకు ఏదైనా ఉందంటే అది నలభై ఏళ్ళుగా ఆయిల్ తడి తగిలినదే. రబ్బరు గొట్టాల మీదా ఇంజన్ మౌంటింగుల మీదా మాత్రం ఉంచకండి, ఉబ్బిపోతాయి. పట్టిన ఆయిల్‌ని పంట కాలువలో పొయ్యకండి. ఆ నీళ్ళే చేపల చెరువులకీ వెళ్తాయి.

వాటర్ పంపు కింద చిన్న చిల్లు లోంచి నీళ్ళు కారుతుంటే ఎం-సీల్ పెట్టి మూయకండి. లోపలి సీలు పోయిందని చెప్పడానికే ఆ చిల్లు పెట్టారు. మూస్తే నీళ్ళు బేరింగులోకి పోతాయి. రేడియేటర్లో పసుపు పొయ్యకండి, సన్న గొట్టాలు పూడుకుపోతాయి. మన ఉప్పు బోరు నీళ్ళు అసలే వద్దు. డిస్టిల్డ్ వాటర్ కొనండి.

కారనివ్వమన్న మాట రెండింటికి చెల్లదు. పెట్రోలు వాసన వస్తే బ్యాటరీ వైరు విప్పాలి, స్టార్ట్ చెయ్యకూడదు. టైరు లోపలివైపు బ్రేక్ ఫ్లూయిడ్ తడి ఉంటే వీల్ సిలిండర్ పోయినట్టే. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన తీరంలో సిలిండర్లు లోపలే తుప్పు పడతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బాలో ఇంజన్ ఆయిల్ కలిపి నెట్టుకురావాలనుకోకండి, రబ్బరు కప్పులన్నీ పాడవుతాయి. ఇంకొకటి: జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. వాన పడ్డాక ఈ ఒండ్రు నేలలో జాకీ దిగబడిపోతుంది. కింద చెక్క, పక్కన స్టాండ్లు ఉండాలి.

ఇవాళ పొద్దున అట్ట మీద ఎడమ వెనక చక్రం గీత పక్కన రూపాయి బిళ్ళంత కొత్త తడి. నీళ్ళలో వేస్తే కలిసిపోయింది. అవనిగడ్డ పెళ్ళికి బస్సులో వెళ్తున్నాను.